పాటల పత్రిక కోసం ఫారాలు పట్టుకొని తిరిగిన రోజులు

2004ల హన్మకొండల డిగ్రీ చదివేటప్పుడు మేం కొంతమంది దోస్తులం కలిసి ఒక పాటల పత్రిక తెచ్చినం, పేరు ‘దరువు’. సినిమా పత్రిక కాదు, హీరోల ముచ్చట్లు ఉండయి, ఉత్త పాట గురించే. పాడేటోళ్ళు, కొట్టేటోళ్ళు, రాసేటోళ్ళు, వినేటోళ్ళు. దాని గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది. అచ్చయినంక సంగతి కన్నా అచ్చు కాకముందు సంగతే నాకు ఎక్కువ యాదికొస్తది, ఎవరు చదువుతరు, ఎక్కడ నిలబడి చదువుతరు, ఏ సైజుల ఉంటే సంచిల పడతది, అక్షరం ఎంత లావుంటే ఇంట్ల ముసలమ్మ సుత చదవగలుగుతది అని ఊరంతా తిరిగి అడిగిన ఆ రోజులు.

అప్పుడు పాట వినుడంటే ఇప్పటి లెక్క కాదు. ఫోన్లు ఉన్నోళ్ళే తక్కువ, ఉన్నా అందుట్ల పాటలు వినే ముచ్చట లేదు. వరంగల్ చౌరస్తా, జేపీఎన్ రోడ్డు దిక్కు క్యాసెట్ షాపులు ఇంకా నడుస్తుండె, కాని పక్కనే ఎంపీ3 సీడీలు గుట్టలు పోసి అమ్ముతుండె, ఒక సీడీ అంటే 700 ఎంబీ, అందుట్ల నూటయాభై పాటల దాక పట్టేది. షేర్ ఆటోలల్ల వెనక సీటు మీద ఇంతింత స్పీకర్లు. మానుకోట (మహబూబాబాద్) దిక్కు కంబాలపల్లిల పుట్టిన సంగీత దర్శకుడు చక్రి అప్పుడు మంచి ఊపు మీదున్నడు, చల్లగరిగె నుంచి పోయిన చంద్రబోస్ పాటలు అందరి నోట్లె నానుతున్నయి, మనోళ్ళే కదా అని మాకు అదో గర్వం. ఇంకో దిక్కు తెలంగాణ సభలు, ధూంధాంలు, డప్పు, గజ్జెలు. ఆకాశవాణి వరంగల్ కేంద్రంల పల్లె పాటలు. గణేష్ నవరాత్రులకు ఆర్కెస్ట్రాలు, కాజీపేట దర్గ ఉర్సుకు కవ్వాలీ, ఐనోలు మల్లన్న జాతరకు ఒగ్గు డోళ్ళు. ఇన్ని తీర్ల పాట ఒక్క ఊరి చుట్టు మోగుతుంటే చదువుకునే పోరగాళ్ళకు దాని మీద ఒక్క కాగితం లేదాయె అని మొదలైంది ముచ్చట.

మనకు తెలిసింది రాసి అచ్చేద్దాం అన్నోళ్ళు ఉన్నరు మాల్నే. కాని ఎంకామ్ చదివే ఒక అన్న ముందుగాల్నే అడ్డం పడ్డడు, చదివేటోడెవడో తెల్వకుండ రాసుడు ఎట్లరా తమ్మీ, ముందు అడుగుదాం అన్నడు. అన్న మాట మీదనే స్టాటిస్టిక్స్ చెప్పే సార్ దగ్గరికి పోయినం. సార్‌కు పాటలంటే ప్రాణం, ఆ రోజు మమ్మల్ని కూసోబెట్టి చెప్పిన సంగతులు నాకు తర్వాత ఉద్యోగంల సుత పనికొచ్చినయి. ఒక ఫారం రాయంగనే ఊరందరికి పంచొద్దు, ముందు కొంతమందికి ఇచ్చి వాళ్ళు ఏ ప్రశ్న కాడ ఆగుతున్నరో, ఏ ప్రశ్న కాడ పక్కోని ఫారంలకు తొంగి చూస్తున్నరో చూడాలె అన్నడు. ఒక్క ప్రశ్నల రెండు సంగతులు అడగొద్దు. జవాబు మన నోట్లె పెట్టుకొని అడగొద్దు, జానపదం కాపాడాలని మీకుందా అంటే లేదనేటోడెవడు? అన్నిటికంటే పెద్ద మాట, ఇష్టమా అని అడగొద్దు, నిన్న మొన్న ఏం చేసిండో అడగాలె.

ఆ చివరి మాట ఎంత నిజమో ఫారాలు చేతికి రాంగనే తెలిసింది. సార్ చెప్పినట్టు రెండు తీర్ల ఫారాలు రాసి పక్కపక్కన పెట్టి చూసినం. ‘మీకు ఎసుంటి సంగీతం ఇష్టం’ అన్న ఫారంల చానా మంది కర్ణాటక సంగీతం కాడ టిక్కు కొట్టిండ్రు. అదే పిల్లలకు ‘నిన్న మీరు విన్న చివరి పాట ఏంది, ఎక్కడ విన్నరు, దేంట్ల విన్నరు’ అని ఇచ్చినంక వచ్చినయి అసలు జవాబులు. ఆటోల. చాయ్ హోటల్ల. పక్కింట్ల టేపుల. మెస్సుల రేడియోల. ఇంటి ఓనర్ కూతురు పాడుతుంటే. ఒకాయన ఐతే ‘బ్యాండోళ్ళు పెండ్లి నుంచి వాపసు పోతూ కొట్టిండ్రు’ అని రాసిండు, అది చదివి నేను అట్లనే కూసున్న కొంచెం సేపు, ఎందుకంటే మా లిస్టుల బ్యాండ్ మేళం అనే గడే లేదు, ఆయన పక్కన తెల్ల జాగల రాసిండు. అప్పటి నుంచి ప్రతి ప్రశ్న కింద రెండు గీతలు ఖాళీ ఉంచినం.

ఎవరిని అడగాలె అనేది ఇంకో పెద్ద పని. క్యాంటీన్ల నిలబడితే మన దోస్తులే దొరుకుతరు, వాళ్ళ జవాబులు మనకు తెలిసినయే. అందుకే జాగలు పంచుకున్నం. హాస్టళ్ళకు కొందరు, సుబేదారి, నక్కలగుట్ట, కిషన్‌పుర దిక్కు రూములు తీస్కొని ఉండేటోళ్ళకు కొందరు. లేడీస్ హాస్టల్ ఫారాలు మా క్లాస్ అమ్మాయిలు తీస్కపోయిండ్రు. పరకాల, జనగామ, నర్సంపేట నుంచి పాస్ మీద వచ్చేటోళ్ళను హన్మకొండ బస్టాండుల పొద్దుగాల పట్టుకున్నం, అదే సాయంత్రం ఐతే ఎవ్వరు నిలబడరు, బస్సు పోతది అని ఉరుకుతరు. మానుకోట దిక్కోళ్ళు, జమ్మికుంట, పెద్దపల్లి దిక్కోళ్ళు ట్రైనుకు వస్తరు, వాళ్ళ కోసం మేమే కాజీపేటల ప్యాసింజర్ ఎక్కినం. ఆ డబ్బల మాకు ఫారాలు నింపించుకునే పనే పడలె, ఒకడు కిటికీ రేకు మీద దరువు అందుకున్నడు, ఇంకోడు పాట, మిగిలినోళ్ళు కోరస్, మేం మూలకు కూసోని ఏ పాట తర్వాత ఏ పాట వస్తున్నదో రాసుకున్నం. సార్‌కు చూపిస్తే అడిగి తెలుసుకునుడు కన్నా చూసి రాసుకునుడే గట్టిది అని ఆ కాగితాన్ని వేరే ఫైలుల పెట్టుకున్నడు.

మండిబజార్ నుంచి వచ్చే మా దోస్తు ఒకాయన ఉర్దూ మీడియంల చదివి వచ్చిండు, ఆయన ఫారం వెనక దిక్కు ఉర్దూల చేత్తోని రాసి ఇచ్చిండు, జిరాక్స్ తీసి పంచినం. అందుట్ల నుంచి వచ్చిన పేర్లు మేం ఎన్నడు వినలే. కవ్వాలీ పార్టీల పేర్లు, ఉర్సుల ఏ రాత్రి మంచిగుంటది, హార్మోనియం ఎవరు బాగు చేస్తరు. ఒకే ఊర్ల ఒకే చౌరస్తాల చాయ్ తాగుతం గని ఒకరి పాట ఒకరికి తెల్వదు అనిపించింది, పత్రికల ఆ పేజీ తప్పకుండ ఉండాలె అని ఆ రోజే రాసుకున్నం.

లెక్క పెట్టుడు సుత ఒక పండుగే. రూముల చాప వేసి ఫారాలన్ని పరిచి, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం గీత, అట్ల పెద్ద చార్టు మీద కొట్టుకుంట పోయినం. ఎంపీ3 సీడీలు వినేటోళ్ళకు పాటలు మస్తు తెలుసు గని ఎవరు పాడిండ్రో, ఎవరు రాసిండ్రో తెల్వదు. ఎందుకంటే క్యాసెట్ కొంటే లోపల కాగితం ఉండేది, ఆ చిన్న మడత కాగితం మీద పాట రాసినాయన పేరు, పాడినామె పేరు అన్ని ఉండేటియి, బజార్ల దొరికే సీడీ మీద ఏముండది, తెరిస్తే ట్రాక్ 7, ట్రాక్ 8. పాట మిగిలింది, పేరు పోయింది. నాకు ఇది మస్తు బాధ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తది. అందుకే ‘ఎవరి పాట ఇది’ అని ఒక శీర్షిక పెట్టినం, వినంగనే గుర్తుపట్టే పాటల వెనకున్న పేర్లు మాత్రమే, ఉత్త పేర్లు, రాసినోళ్ళు, పాడినోళ్ళు, దొరికితే వాయించినోళ్ళు.

ఇగ అన్నిటికన్న ఎక్కువ నిండి వచ్చిన ప్రశ్న మా క్లాసు అమ్మాయి ఒకామె పట్టుబట్టి ఫారం చివర్ల పెట్టించింది: ‘మీ ఇంట్ల ఎవరు పాడతరు? ఏం పాడతరు?’ మిగిలిన ప్రశ్నలకు ఒక మాట, రెండు మాటలు, దీనికి మాత్రం కాగితం తిప్పి వెనకంగ సుత రాసిండ్రు. నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడతది. మా తాత చిరుతల రామాయణంల రావణాసురుడు కట్టేటోడు. మా నాయిన తాగినప్పుడు తత్వాలు పాడతడు, తాగకుంటే పాడడు. మా నాయినమ్మకు బతుకమ్మ పాటలు ఎన్నొస్తయో ఆమెకే తెల్వదు. మా బాపు శారదకాండ్ర కథ చెప్పేటోడు, ఇప్పుడు హైదరాబాదుల వాచ్‌మెన్. మా ఇంట్ల ఎవ్వరు పాడరు, అమ్మ పోయినంక. ఆ ఫారం మీద పేరు లేదు, పేరు రాయొద్దనే మేం చెప్పినం. చాప మీద ఉన్నోళ్ళమందరం దాన్ని ఒకరి తర్వాత ఒకరం చదివినం. ఇంట్ల పాట గురించి ఎవరన్న అడిగితే చెప్పాలని పిల్లలకు ఎంతుందో ఆ కాగితాలు చూస్తే అర్థమైంది, అడిగినోళ్ళు లేరు గంతే. పత్రిక నడిమి పేజీలు ఎవరికి ఇయ్యాలె అన్న గొడవ అక్కడితోని అయిపోయింది. నడిమి రెండు పేజీలు ‘మా ఇంటి పాట’.

సినిమా పాటల లిరిక్స్ కావాలని మస్తు మంది రాసిండ్రు, అది సుత చెప్పాలె. బస్టాండ్లల్ల అమ్మే చిన్న చిన్న పాటల పుస్తకాలు కొని నోట్‌బుక్కులల్ల ఎక్కించుకునే అలవాటు ఉండె అప్పుడు, హాస్టల్ల దాదాపు ప్రతి పెట్టెల ఒక పాటల నోట్‌బుక్కు. కాని అవి మేం వేయలె. కాపీరైట్ అని ఒకటుంది కదా, రాసినాయన బతికున్నన్ని రోజులు, ఆయన పోయినంక 60 ఏండ్ల దాక పాట మీద హక్కుంటది, పేర్లు పోతున్నయని బాధపడుకుంట మనమే అడగకుండ ఎట్ల వేస్తం? అడిగినోళ్ళు అడిగింది ఇయ్యకపోయినా వాళ్ళు ఎందుకు అడిగిండ్రో అది ఇయ్యొచ్చు అన్నడు ఎంకామ్ అన్న. వాళ్ళకు కావాల్సింది నోట్‌బుక్కుల ఎక్కించుకునే పాట. ఇంట్ల అమ్మమ్మ పాడే పాట ఆమెను అడిగి, ఆమె పేరు, ఆమె ఊరి పేరు పెట్టి వేస్తే అది నోట్‌బుక్కులకు ఎక్కదా?

పేరు సంగతికొస్తే, ‘సంగీత స్రవంతి’ అసుంటి పేర్లు మస్తు అనుకున్నం. డీటీపీ సెంటర్ల పనిచేసే అక్క వాటిని కంప్యూటర్ల పెద్దగ చేసి ప్రింటు తీసి గోడకు అంటించి దూరం నుంచి చూడమన్నది. తెలుగు పేరుకు ఒత్తు ఉంటే కింద జాగ కావాలె, గుడి దీర్ఘం ఉంటే పైన జాగ కావాలె, మరి ఆ రెండు జాగలు విడిస్తే అసలు అక్షరం చిన్నగైపోతది. ఒత్తు లేని పేరు, పొట్టి పేరు ఐతే అట్ట ఈ కొస నుంచి ఆ కొస దాక దిట్టంగ కూసుంటది. ‘దరువు’ మీద అందరం ఒక్కటైంది అందుకు సుత. అక్షరాలు ఫాంటుల నుంచి తీస్కోలె, ఊర్లల్ల గోడల మీద పేర్లు రాసే ఆర్టిస్టు ఒకాయన బ్రష్షుతోని రాసిచ్చిండు, ఆ బ్రష్షు కొస విరిగిన గీతలు అట్లనే స్కాన్ చేసినం, సాఫు చెయ్యనియ్యలె నేను.

అట్ట మీద కాకతీయ తోరణం పెడదామని ఒక మాట వచ్చింది. వరంగల్ అంటే అదే కదా. కాని మా ఊర్ల పెండ్లి కార్డు మీద తోరణం, కోచింగ్ సెంటర్ బోర్డు మీద తోరణం, స్వీట్ హౌజ్ డబ్బ మీద తోరణం, బుక్‌స్టాల్ల దాన్ని చూసి పాటల పత్రిక అని ఎవరనుకుంటరు? రామప్ప గుడి స్తంభాల మీద మద్దెల కొట్టేటోళ్ళు, ఆడేటోళ్ళు ఉంటరు, 1213 నాటి గుడి, కాకతీయ రాజు గణపతిదేవుని కాలంది, ఆ కాలం మనిషే జాయపసేనాని నాట్యం మీద నృత్తరత్నావళి అనే పుస్తకం రాసింది సుత. మా ఆర్ట్స్ దోస్తు బస్సెక్కి పాలంపేట పోయి ఆ మద్దెల చేతులు మాత్రమే పెన్సిల్‌తోని గీసుకొచ్చిండు. మొదటి సంచిక అట్ట మీద రెండు చేతులు, ఒక డప్పు. మొకం లేదు. చేతులు రామప్పయి, డప్పు మా ఊరిది.

ఫోటో ఎందుకు పెట్టలేదంటే అది ప్రెస్సు సంగతి. మా దగ్గరున్న పైసలకు నాలుగు రంగుల అట్ట రాదు, రెండు రంగులే, లోపల ఉత్త నలుపు. మెరుపు లేని మ్యాప్‌లిథో కాగితం మీద నలుపుల ఫోటో అచ్చేస్తే నీడలన్ని కలిసి మసి అయితది, గీతల బొమ్మ ఐతే ఎంత చవక కాగితం మీదనైనా నిలబడతది. లోపల బొమ్మలన్ని పెన్నుతోని గీసినయే పెట్టాలె అని అప్పుడే తీర్మానం చేసుకున్నం, కిన్నెర, ఒగ్గు డోలు, షెహనాయి, హార్మోనియం రీడ్లు. సంచికకు ఒక వాయిద్యం, దాని ఒక్కొక్క భాగం పేరు వాయించేటోళ్ళు ఏమంటరో అదే రాయాలె.

ఏ రంగులు అనేది ఫారాలే చెప్పినయి అనాలె. రెండు రంగులంటే అందరికి ముందు మనసులకు వచ్చేది ఎరుపు, నలుపు. డమ్మీ అట్టలు తయారు చేసి హాస్టళ్ళల్ల చూపించినం, ఎరుపు నలుపు చూడంగనే ఇది ఏ సంఘం కరపత్రం అన్న అని అడుగుతున్నరు, వరంగల్ల చదువుకునే పోరలకు ఆ రెండు రంగులు అట్లనే కనిపిస్తయి, చదవక ముందే ఒకవైపోళ్ళు పట్టుకుంటరు ఇంకోవైపోళ్ళు పక్కకు పెడతరు. పాటకు అందరు రావాలె కదా. నీలం పెడితే పరీక్ష గైడ్ అన్నరు. పసుపు మీద నలుపుకు మాత్రం ఎవ్వరు ఏ పేరు పెట్టలె, ఉత్తగ చేతులకు తీస్కొని తిప్పి చూసిండ్రు. తంగేడు పువ్వు పసుపు అన్నది మా క్లాసు అమ్మాయి, బతుకమ్మకు ముందు తెస్తున్నం కాబట్టి ఇగ దాని మీద మాటే లేదు. ప్రెస్సుల పెద్దమనిషి సుత మంచి పని చేసిండ్రు బిడ్డా అన్నడు. ఒక్క రంగు మిషన్ మీద రెండు రంగులంటే కాగితం రెండుసార్లు ఎక్కాలె, రెండోసారి ఒక్క నూలంత జరిగినా బొమ్మ పక్కన తెల్ల గీత కనిపిస్తది, అదే అట్టంత పసుపు ముందు కొట్టి దాని మీద నలుపు కొడితే జరిగినా కనిపియ్యదు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, మిషన్ కడుగుడు సుత తేలిక.

హన్మకొండ బస్టాండు బుక్‌స్టాల్ కాడ మేం నిలబడి చూసినదొకటి చెప్పాలె. పత్రికలను తాడుకు క్లిప్పులు పెట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కిచ్చి వేలాడదీస్తరు, కింద ఉన్నదాంట్ల పై అంచు, ఎడమ అంచు మాత్రమే కనిపిస్తది. కొనేటోడు పూర్తి అట్ట చూసేది చేతులకు తీసుకున్నంకనే. అందుకని మా పేరు పైన కొసకు, లోపల ఏమున్నయో చెప్పే లైన్లు ఎడమ అంచుకు ఒకదాని కింద ఒకటి. చేతుల బొమ్మ కుడి దిక్కు కిందికి. డిజైన్ పుస్తకాలల్ల ఇదే ఉంటదని తర్వాత ఎన్నో ఏండ్లకు చదివిన, కాని మాకు ఆ స్టాల్ తాడే చెప్పింది.

సైజు బస్సు చెప్పింది. ‘చదువుడు ఎక్కడ’ అన్న ప్రశ్నకు పాస్ పిల్లలు చానా మంది బస్సుల నిలబడి అని రాసిండ్రు, ఒక చెయ్యి రాడ్డుకు, ఒక చేతుల పుస్తకం. పెద్ద వారపత్రిక సైజు ఒక చేతుల మడత పడిపోతది. అందుకే వన్ బై ఎయిట్ డెమీ, అంటే డెమీ అనే పెద్ద షీటుల ఎనిమిదో వంతు, నోట్‌బుక్కు మధ్యల దాస్తే కనిపియ్యని సైజు, ఒక పెద్ద షీటు రెండు దిక్కుల అచ్చేస్తే 16 పేజీలొస్తయి, మాకు రెండు షీట్లు, 32 పేజీలు, అట్ట వేరే, నడుమ రెండు పిన్నులు. ధర 5 రూపాయలు.

ఆ సైజు వచ్చినంక కాలమ్‌ల సంగతి. ఇంగ్లిష్ పత్రికలు చూసి మూడు కాలమ్‌ల పేజీ కావాలని మావోళ్ళకు మస్తు ఆశ. డీటీపీ అక్క పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ల అనూ అనే తెలుగు ఫాంట్లు పెట్టి మూడు కాలమ్‌లు, రెండు కాలమ్‌లు, ఒక్క కాలమ్ మూడు తీర్ల ప్రింట్లు తీసిచ్చింది. తెలుగు మాటలు పొడుగు, విభక్తులు అన్ని వెనకాల అతుక్కొని వస్తయి కదా, సన్న కాలమ్‌ల రెండు అంచులు సమానం చెయ్యమంటే లైనుకు రెండు మాటలే పట్టి మధ్యల పెద్ద పెద్ద సందులు పడతయి, చిన్నపిల్లగాని పండ్ల సందుల లెక్క. ఒక్క కాలమ్ పెట్టి కుడి అంచును వదిలేస్తే చదువుతుంటే గాలి ఆడినట్టుంది. లైనుకు లైనుకు నడుమ జాగ సుత ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఉండాలె, పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగలొద్దు, అక్క 12 పాయింట్ అక్షరానికి 16 పాయింట్ లైను పెట్టింది. ‘మా ఇంటి పాట’ పేజీలకు మాత్రం 14 పాయింట్. అది ఎందుకంటే దసరా సెలవులకు హాస్టల్ ఖాళీ అయ్యే ముందు రోజులల్ల పత్రిక ఇయ్యాలని అనుకున్నం, పిల్లలు సంచిల వేస్కొని ఊర్లకు తీస్కపోతరు, అక్కడ ఎవరి పాట అచ్చయిందో ఆమె చదవాలె, లేకుంటే ఎవరన్న ఆమెకు చూపియ్యాలె, కండ్లద్దాలు లేకున్న పేరన్న కనపడాలె.

అక్క గురించి ఇంకో మాట. ఆమెకు పత్రిక మీద మాకెంత పావురముండెనో అంతకన్న ఎక్కువ ఉండె. పొద్దంతా పెండ్లి కార్డులు, ప్రాజెక్ట్ రిపోర్టులు కొట్టి, సెంటర్ మూసే టైముకు మా పేజీలు ముందట వేసుకునేది. పాటలు టైప్ చేస్తుంటే చిన్నగ రాగం తీసేది, ఇక్కడ మాట తప్పిందిరా, ఉయ్యాలో కాడ ఒక అక్షరం ఎక్కువైంది, పాడితే నిలుస్తలేదు, మళ్ళ అడిగి రండి అనేది. ప్రూఫులు అట్ల పాడి దిద్దిన మనిషిని నేను ఇంకెక్కడ చూడలె. ఆ ఫైళ్ళు సీడీల ఇప్పటికీ ఉన్నయి నా దగ్గర, కాని తెరిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి, అనూ ఫాంట్లు అన్ని కంప్యూటర్లల్ల ఒకే తీరుగ నడిచే యూనికోడ్ పద్ధతివి కావు కదా, అవి లేని కంప్యూటర్ల ఆ తెలుగు తెలుగు లెక్క కనపడదు. ఇప్పుడు ఒక్కొక్క పాట అచ్చు పేజీ ముందట పెట్టుకొని మళ్ళ టైప్ చేస్తున్న.

సైజు, రంగు, కాలమ్ అన్ని తేలినంక మిగిలిన పనులు తొందర తొందరగ అయినయి. రాతలు అందరం పంచుకున్నం, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్లు తీసి ప్రెస్సుకు ఇచ్చినం, అమ్మకం పత్రిక లెక్క రిజిస్టర్ చెయ్యలేదు కాబట్టి ప్రైవేట్ సర్క్యులేషన్ కోసం మాత్రమే అని వెనక అట్ట కింద వేసినం. బుక్‌స్టాళ్ళకు ఇయ్యలేదు అందుకే, చందా కట్టినోళ్ళకు చేతికే ఇచ్చినం, కాని తాడు మీద చూసిన పాఠం అట్లనే పనికొచ్చింది, ఎందుకంటే హాస్టల్ రూముల పుస్తకాలు సుత ఒకదాని మీద ఒకటి ఎక్కించే ఉంటయి, ఎడమ అంచే కనిపిస్తది.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ గుండం దిక్కు మా క్లాసు అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ, మా పత్రిక నడిమి పేజీలు తెరిచి పక్కామెకు చూపిస్తున్నది. ఇద్దరికి చదువు రాదు. మనవరాలు వేలు పెట్టి ఇదే నీ పేరు, ఇది మన ఊరు అని చూపిస్తే ఆ పేరు మీద వేలు అట్లనే పెట్టి, మరి రెండో చరణం వెయ్యలేదేందే అని అడిగింది. మనవరాలికి పాడినప్పుడు ఆమె ఒక్క చరణమే పాడింది. అక్కడికక్కడనే నిలబడి మిగిలిన పాటంత పాడింది, అమ్మాయి చేతిల పెన్ను లేదు, పక్కన పూలమ్మే ఆయన దగ్గర అడుక్కొచ్చి సద్దులు కట్టిన న్యూస్‌పేపర్ ముక్క మీద రాసుకున్నది.

ఆఖరి పేజీల ఒక చిన్న ఫారం అచ్చేసినం, ఏం చదివిండ్రు, ఏం వదిలేసిండ్రు, చదివినంక పత్రికను ఏం చేసిండ్రు అని. సెలవులయినంక చాయ్ హోటల్ కాడ, జిరాక్స్ షాపు కాడ డబ్బాలు పెట్టి వసూలు చేసినం. చివరి ప్రశ్న సార్ పెట్టించిండు, దానికే మాకు పనికొచ్చే జవాబులు ఎక్కువ దొరికినయి. చానా మంది ‘మా ఇంటి పాట’ పేజీని చింపి తమ పాటల నోట్‌బుక్కుల అంటించుకున్నరట. కొందరు చింపాలనుకొని ఆగిండ్రు, ఎందుకంటే ఆ కాగితం వెనక దిక్కు కవ్వాలీ వ్యాసం సగం ఉంది, అంటిస్తే అది పోతది. నడిమి పేజీల పాటలు చదివినోళ్ళు ఎంతమందో కవ్వాలీ వ్యాసం చదివినోళ్ళు సుత అంతమంది ఉన్నరు, మా మండిబజార్ దోస్తు ఆ ఫారాలు చూసుకొని చూసుకొని మురిసిండు. రెండో సంచిక డమ్మీ గీసేటప్పుడు ముందుగాల ఆ కాగితం వెనక దిక్కునే తేల్చినం, కవ్వాలీ శీర్షికను ముందు పేజీలకు జరిపి, అక్కడ జిరాక్స్ షాపు అడ్వర్టైజ్‌మెంటు, డీటీపీ సెంటర్ అడ్వర్టైజ్‌మెంటు పెట్టినం, మడత పక్కన చింపుకునేందుకు చుక్కల గీత సుత కొట్టించినం.